ఎనిమిది శనివారాలు, 1,500 రూపాయలు, వారానికి రెండు సమోసాలు

నా ఇష్టంతో వెళ్ళలేదని ముందే చెప్పేస్తున్నాను. సెప్టెంబరులో ఒక ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదువుతున్నారు. క్రైస్తవ కుటుంబంలో సంతోషం, సంబంధాలు అనే అంశం మీద ఎనిమిది శనివారాలు క్లాసు, జంటకి 1,500, పుస్తకం, టీ, టిఫిను అన్నీ అందులోనే, వచ్చేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. నేను వంగి పాటల పుస్తకం సంచిలో పెట్టుకుంటున్నాను. తలెత్తి చూసేసరికి మా ఆవిడ చెయ్యి గాల్లో ఉంది. సెక్రటరీగారు మా పేర్లు రాసేసుకున్నారు కూడా.

ఏ చర్చిలోనో రాయను. కొన్ని లోపాలు చెప్పబోతున్నాను, వచ్చే ఆదివారం మళ్ళీ వాళ్ళ మధ్యే కూర్చోవాలి. సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో దిగి నడిచి వెళ్ళగలిగే దూరం అనుకోండి చాలు. ఇలాంటి క్లాసులు ఇప్పుడు చాలా సంఘాల్లో రకరకాల పేర్లతో పెడుతున్నారు కాబట్టి, మీ దగ్గర పెడితే వెళ్ళాలా వద్దా అనేది తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మేం తార్నాకలో ఉంటాం. నా ఉద్యోగం రాయదుర్గంలో, రోజూ మెట్రోలో రెండు గంటలు పోతాయి. మా ఆవిడ స్టాఫ్ నర్సు, షిఫ్టులు మారుతుంటాయి. పెద్దది పదో తరగతి, చిన్నోడు నాలుగు. మా అమ్మకి 72. మాది గొడవల ఇల్లు కాదని నేను నలుగురిలో గొప్పగా చెప్పేవాణ్ణి. అరుచుకోం, నిజమే. మాట్లాడుకోం, అంతే. "మీ నాన్నకి పెరుగు కావాలేమో అడుగు" అని మా ఆవిడ అంటే, నేను పక్కనే కూర్చుని, "వద్దని చెప్పు" అని చిన్నోడితో అంటాను. ఇలా మూడు రోజులు. మూడో రోజు ఏ గ్యాస్ సిలిండరో అయిపోయి మాట కలిపేది.

మొదటి క్లాసు నాకు అస్సలు నచ్చలేదు. ఐదున్నర అన్నది ఆరుంబావుకి మొదలైంది. చర్చి వెనక హాలు, నాలుగు ఫ్యాన్లలో ఒకటి తిరగదు, మైకు కీచుమంటుంది. పుస్తకం ఇంగ్లీషు నుంచి చేసిన తెలుగు. చేసినవాళ్ళకి ఇంట్లో తెలుగు మాట్లాడే అలవాటుందా అని అనుమానం వచ్చింది. "మీ జీవిత భాగస్వామితో మీ ఆనంద సామర్థ్యమును నిర్మించుకొనుడి" అని ఉంది ఒకచోట. సామర్థ్యం అంటే మా అమ్మ, "వాటర్ ట్యాంకు లీటర్లా?" అంది. మెదడు బొమ్మ వేసి, సంతోషమంతా కుడి పక్కే పెరుగుతుందన్నట్టు రెండు పేజీలు రాశారు. మా బ్యాచ్‌లో ఒక డాక్టర్‌గారు ఉన్నారు. మెదడుని అలా అపార్ట్‌మెంటులో ఫ్లాట్లు పంచినట్టు పంచలేమండీ అని నవ్వారు. ఆ రెండు పేజీలు మీరు నిశ్చింతగా వదిలేయొచ్చు.

క్లాసు నడిపినవాళ్ళు రిటైరైన జంట. ఆయన్ని అందరం మాస్టారు అంటాం, ఆవిడని అమ్మగారు. వీళ్ళు పుస్తకాన్ని అంతగా పట్టించుకోలేదు. మా 1,500 గిట్టుబాటు అయిందంటే అందుకే.

రెండో శనివారం మాస్టారు ఒక వీడియో చూపించారు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు 1970లలో మొదలుపెట్టిన ప్రయోగం అది. తల్లి, ఏడాది పాప ఆడుకుంటుంటారు. తల్లి ఒకసారి అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేసరికి ముఖంలో ఏ కదలికా లేకుండా రాయిలా చూస్తుంది. పాప నవ్వుతుంది, వేలు చూపిస్తుంది, చేతులు చాపుతుంది. ఏదీ పనిచెయ్యదు. కీచుమని అరిచి, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. ఇదంతా జరిగింది రెండు నిమిషాల్లో. హాల్లో కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం ఫోను జేబులో పెట్టేశాను. అప్పటిదాకా చేతిలోనే ఉంది. ఆ తల్లి ఆ రాయి ముఖం ప్రయోగం కోసం రెండు నిమిషాలు పెట్టింది. నేను మా ఇంట్లో రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఉచితంగా పెడుతున్నాను.

తర్వాత మాస్టారు బైబిల్ తీశారు. సంఖ్యాకాండం 6వ అధ్యాయం, అహరోను ఆశీర్వాదం. "యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి నిన్ను కరుణించునుగాక" అని అయ్యగారు చేతులెత్తి చెబుతుంటే చిన్నప్పటి నుంచి తల వంచుకుని వింటున్నాం. మన తెలుగులో సన్నిధి అన్న చోట హీబ్రూలో ఉన్న మాట పానీమ్, అంటే ముఖం అన్నారు. దేవుడి ముఖం నిన్ను చూసి వెలగాలి అని. 16వ కీర్తనలో "నీ సన్నిధిని సంపూర్ణసంతోషము కలదు" అన్నచోట కూడా అదే మాటట. నలభై ఏడేళ్ళు వచ్చాయి, ఆదివారాలు లెక్కపెడితే రెండు వేలు దాటతాయి, ఆ ఆశీర్వాదంలో ఒక ముఖం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ముఖం మీద తెలుగులో ఎన్ని మాటలున్నాయో చెప్పమని బోర్డు మీద రాయించారు. ముఖం వెలిగింది, ముఖం మాడ్చుకుంది, ముఖం చాటేశాడు, ముఖం చూపించలేకపోయాడు, పొద్దున్నే ఎవరి ముఖం చూశానో. బోర్డు నిండిపోయింది. పుస్తకం రెండు అధ్యాయాల్లో చెప్పలేకపోయింది మా వెనక వరస ఆంటీలు ఐదు నిమిషాల్లో చెప్పేశారు.

హోంవర్కు చిన్నదే. ఇంటికి వచ్చాక మొదటి మూడు నిమిషాలు చేతిలో ఫోను ఉండకూడదు, ఇంట్లో ఉన్నవాళ్ళ ముఖాలు చూసి పలకరించాలి. చదువు, మార్కులు, డబ్బు మాట్లాడకూడదు. సోమవారం నేను బ్యాగు దించి, పెద్దదాని గది గుమ్మంలో నిలబడి, నవ్వి, "ఎలా ఉన్నావు నాన్నా?" అన్నాను. అది పెన్ను కింద పెట్టి, "ఏమైంది నాన్నా, ఆఫీసులో తీసేశారా?" అంది.

ఆ వారంలోనే ఇంకో సంగతి గమనించాను. నేను రాగానే తలుపు ఎప్పుడూ బెల్ కొట్టకముందే తెరుచుకుంటుంది. లిఫ్టు చప్పుడు విని మా అమ్మ లేచి వస్తుంది. మోకాళ్ళ నొప్పి, గోడ పట్టుకునే నడుస్తుంది. "వచ్చినవా బిడ్డా" అంటుంది. నేను "ఆఁ" అని ఆమె పక్క నుంచి లోపలికి పోతాను. పన్నెండేళ్ళుగా ఇదే వరస. ఈ క్లాసు నాకు నేర్పిస్తున్నదేదో మా ఇంట్లో ఒకావిడ ఏ పుస్తకమూ లేకుండా రోజూ చేస్తూనే ఉంది. ఆ మంగళవారం గుమ్మంలో ఆగి, ఆమె ముఖం చూసి, "వచ్చిన అమ్మా. తిన్నవా?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. రాత్రి నా కంచంలో ఎప్పుడూ లేనిది రెండు అప్పడాలున్నాయి.

నాలుగో వారం కుటుంబ ప్రార్థన. మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రాత్రి తొమ్మిదికి పాట, వాక్యం, ప్రార్థన. నాకు తెలిసి క్రైస్తవ ఇళ్ళలో తిట్లకి ఇంతకంటే సురక్షితమైన చోటు లేదు. కళ్ళు మూసుకుని ఉంటారు, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. "ప్రభువా, లెక్కల్లో 54 మార్కులు తెచ్చుకున్న ఈ బిడ్డకు జ్ఞానము దయచేయుము. ఫోను అను ఉచ్చులోనుండి తప్పించుము" అని నేను. తన వంతు వచ్చేసరికి మా ఆవిడ, "కొందరి నోటికి కావలి యుంచుము తండ్రీ" అంటుంది. కీర్తనలో "నా నోటికి" అని ఉంది. మా ఇంట్లో అది "కొందరి" అయింది. ఆమెన్ మాత్రం అందరం గట్టిగా చెబుతాం.

మాస్టారు అడిగారు, "మీ ప్రార్థన దేవుడు వినాలని చేస్తున్నారా, పక్కవాళ్ళు వినాలని చేస్తున్నారా?" ముందు హాలంతా నవ్వు. తర్వాత ఎవరి పుస్తకంలోకి వాళ్ళు చూసుకున్నారు. రెండు వారాలపాటు ఆయన పెట్టిన నియమం ఇది: ఇంట్లో ఒక్కొక్కరి కోసం ఆ రోజు చూసిన ఒక చిన్న విషయం పేరు పెట్టి చెప్పి దేవునికి కృతజ్ఞత చెప్పాలి. అడగడాలు లేవు. ఆ కృతజ్ఞత చెప్పేటప్పుడు కళ్ళు తెరిచి ఆ మనిషిని చూడాలి.

చెప్పినంత సులువు కాదండీ ఇది. మొదటి రాత్రి పెద్దదాని దగ్గరికి వచ్చేసరికి నాకు ఏమీ దొరకలేదు. ఆ రోజంతా దాన్ని నేను చూడనే లేదు. "ప్రభువా, ఈ బిడ్డ ఈ రోజు... తన నీళ్ళ బాటిల్ తనే కడుక్కుంది, అందుకు వందనాలు" అన్నాను. అది ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. మా ఆవిడ భుజాలు ఊగుతున్నాయి, ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. మర్నాటి నుంచి రాత్రి చెప్పడానికి ఏదో ఒకటి కావాలని పొద్దున్నుంచే పిల్లల్ని చూడటం మొదలుపెట్టాను. చిన్నోడు చెప్పుల జతలు గోడ వారగా సర్దుతాడని, పెద్దది వాళ్ళ నాయనమ్మ మందుల పెట్టె ఆదివారం రాత్రి నింపుతుందని అలా తెలిసింది.

వాక్యం పిల్లల్నే ఎంచుకోనివ్వమన్నారు. పెద్దది కొలస్సయులు 3వ అధ్యాయం తీసింది. 20వ వచనం, పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలి. నేను ఇన్నేళ్ళూ అక్కడ ఆగేవాణ్ణి. అది ఆగలేదు. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని 21 కూడా చదివి, బైబిల్ మూసి, చేతులు కట్టుకుంది. బాగా చదివింది. ఆ రాత్రి కృతజ్ఞత వెతుక్కునే పని లేకుండా పోయింది.

కోపం మీద రెండు వారాలు పెట్టారు. ఒకటి సరిపోయేది. రెండో వారం ప్రొజెక్టర్ పనిచెయ్యక సగం సమయం వైర్లు కదపడంలోనే పోయింది. సారాంశం ఏంటంటే, కోపం రాకపోవడం గురించి కాదు, వచ్చాక ఎంత తొందరగా మళ్ళీ కలుస్తామన్నదే చూడాలట. బాగా ఉన్న తల్లీబిడ్డలు కూడా చాలాసేపు ఒకరినొకరు అందుకోలేరని, తప్పిపోయి మళ్ళీ కలవడంలోనే బంధం గట్టిపడుతుందని ఆ ట్రోనిక్‌గారే చూపించారట. భార్యాభర్తల గొడవల మీద దశాబ్దాలు పనిచేసిన జాన్ గాట్‌మన్ చెప్పేది ఇంకాస్త పనికొచ్చే మాట: గుండె దడదడలాడుతున్నప్పుడు మాట చెవికెక్కదు, కనీసం 20 నిమిషాలు విడిగా ఉండి తిరిగి రండి అని. తిరిగి వస్తానని చెప్పి వెళ్ళాలి, అది ముఖ్యం. లేకపోతే అది మా ఇంటి మూడు రోజుల పద్ధతే అవుతుంది.

అక్టోబరులో పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు నేను అరిచాను. అపార్ట్‌మెంటు మొత్తం విని ఉంటుంది. "20 నిమిషాల్లో వస్తాను" అని చెప్పి మేడ మీదికి వెళ్ళాను. ఆ రోజు నీళ్ళు వచ్చే రోజు, ట్యాంకు నిండుతుంటే చూస్తూ నిలబడ్డాను. కిందికి వచ్చి, "అరవడం తప్పు. లెక్కల సంగతి రేపు మాట్లాడుకుందాం" అన్నాను. అది "సరే" అంది, అంతే. కన్నీళ్ళు, కౌగిలింతలు ఏమీ లేవు. కానీ పడుకునేముందు ఛార్జర్ కోసం నన్నే నేరుగా అడిగింది, తమ్ముడి ద్వారా కాదు. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని ఎఫెసీయులకు రాసిన పౌలు హైదరాబాద్ ఆఫీసు టైమింగ్స్ చూడలేదు. మా ఇంట్లో కోపాలన్నీ సూర్యుడు అస్తమించాకే మొదలవుతాయి. అయినా మూడు రోజులది మూడు గంటలకి వచ్చింది.

ఇక కుదరనివి. జంటలు ఎదురెదురుగా కూర్చుని రెండు నిమిషాలు మాట లేకుండా కళ్ళలోకి చూసుకోవాలని ఒక అభ్యాసం ఉంది. మన హాల్లో అత్తలూ మామలూ, చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పిన టీచర్లూ కూర్చుని ఉండగా! స్త్రీల సమాజం పెద్దావిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆవిడ నా కళ్ళలోకి చూసి మెల్లగా, "చెవి దగ్గర వెంట్రుకలు కత్తిరించుకోండి" అంది. ఇంటికెళ్ళి చేసుకోమంటే సరిపోయేది.

పుస్తకంలో అసలు పెద్ద లోటు అత్తాకోడళ్ళు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క ఉన్న బొమ్మలే అన్నీ. మన ఇళ్ళలో సంతోషం సగం వంటగదిలో తేలుతుంది, అక్కడ ఇద్దరు ఆడవాళ్ళుంటారు, దాని మీద ఒక్క వాక్యం లేదు. అమ్మగారే ఆరో వారం టీ టైములో ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించారట. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. ఉల్లిపాయ సమోసాలు మాత్రం ఆ రోజు చల్లారిపోయాయి.

ఇంకోటి నవ్వుతూ చెప్పే విషయం కాదు. పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు వెయ్యమన్నారు. ఒక చీటీలో, "కొట్టే మనిషి ఇంటికి వచ్చినప్పుడు కూడా ముఖం వెలిగించాలా?" అని ఉంది. మాస్టారు చదివి ఆగిపోయారు. అమ్మగారు మైకు తీసుకుని, "వద్దమ్మా" అన్నారు. కొట్టే ఇంట్లో ఈ అభ్యాసాలు ఏవీ చెయ్యొద్దు, ముందు నువ్వూ పిల్లలూ క్షేమంగా ఉండాలి, సహించమని నీకు ఎవరైనా వాక్యం చూపిస్తే వాళ్ళని నా దగ్గరికి పంపు అని, బోర్డు మీద 181 అని రాశారు. మహిళల హెల్ప్‌లైన్. షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు, బాధితులకి సాయం చేసే భరోసా కేంద్రం గురించీ చెప్పి, తోడు కావాలంటే నేను వస్తానన్నారు. పుస్తకంలో ఇది మొదటి పేజీలో ఉండాల్సింది, ఎక్కడా లేదు. మీ సంఘంలో క్లాసు పెట్టేవాళ్ళు ఈ ప్రశ్నకి ఏం జవాబిస్తారో ముందే అడగండి. తడబడితే డబ్బు కట్టకండి.

ఎనిమిదో వారం హాల్లో కాదు, మెదక్ చర్చికి ప్రయాణం. బస్సు ఖర్చు మనిషికి 400 విడిగా తీసుకున్నారు, ఇది ముందు చెప్పలేదు. నర్సాపూర్ అడవి మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. అక్కడ కోతులకి అరటిపళ్ళు ఇవ్వొద్దని బస్సులో మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ మా చిన్నోడే ఇచ్చాడు. బస్సులో చెయ్యాల్సింది ఒక్కటే, ప్రతి ఒక్కరూ తమ ఇంటి సంతోషమైన జ్ఞాపకం ఒకటి ఐదు నిమిషాలు చెప్పాలి. మా అమ్మ మైకు వద్దంది. చర్చి శిఖరం దూరం నుంచి కనబడేసరికి తనంతట తనే మొదలుపెట్టింది.

ఆ చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీషు మిషనరీ దొరగారు కరువు రోజుల్లో కట్టించారు, పని చేసినవాళ్ళకి తిండి పెట్టి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. ఇది అందరికీ తెలిసిందే. మా అమ్మ చెప్పింది వేరే: "మా తాత గీడ రాళ్ళు మోసిండు. పొద్దుగూకినంక బియ్యం మూట కట్టుకొని ఇంటికొస్తుండె. మా నాయన చిన్నపిల్లగాడు, దర్వాజ కాడ కూసుండేటోడంట. తాత మూట ఇయ్యక ముందు పిల్లగాన్ని నెత్తి మీదికి ఎత్తుకునేటోడంట. మా నాయన బియ్యం సంగతి ఎన్నడు చెప్పలె. ఎత్తుకునుడే చెప్పేటోడు." నలభై ఏడేళ్ళలో ఈ కథ నేను విననే లేదు. నేను అడగనూ లేదు. పెద్దది ఫోనులో రికార్డు చేసింది, ఆ రోజు ఫోన్లు వద్దన్న నియమం దాటి. ఎవరూ ఏమీ అనలేదు.

రేటింగు అడిగితే ఐదుకి మూడున్నర ఇస్తాను. పుస్తకానికి ఒకటిన్నర, మాస్టారు, అమ్మగార్లకి ఐదు. పిల్లల్ని పక్క గదిలో చూసుకున్న సండే స్కూల్ టీచర్లు ఇద్దరే, పిల్లలు పంతొమ్మిది మంది, వాళ్ళకి వేరే బహుమానం ఇవ్వాలి. కొత్తగా పెళ్ళైనవాళ్ళకంటే పెళ్ళై పదేళ్ళు దాటినవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది. ఒకరిని లాక్కొచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చినా పరవాలేదు, నన్ను అలాగే తెచ్చారు. ఇంట్లో ఎవరికైనా దిగులు జబ్బులాగా పట్టుకుని ఉంటే మాత్రం ఈ క్లాసు చాలదు, డాక్టర్‌ని కలవండి. టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416 నంబరుకి ఫోను చేస్తే డబ్బేమీ తీసుకోరు.

తర్వాతి బ్యాచ్ ఈస్టర్ అయ్యాక అంటున్నారు. ఐదున్నర అంటే ఆరుకి వెళ్ళండి, సీటు దొరుకుతుంది, తిరిగే ఫ్యాను కింద. పుస్తకం ముందే చూడాలనిపిస్తే మా కాపీ ఇస్తాను. 34వ పేజీలో పప్పు మరక ఉంది, మెదడు బొమ్మకి మా చిన్నోడు మీసాలు పెట్టాడు.